డిడక్టిబుల్ ఉన్న ఆరోగ్య బీమా ఎవరికి కలిసొస్తుంది, ఎవరికి కాదు

ఆరోగ్య బీమా గురించి అడిగితే ఇప్పుడు ఏజెంట్లు ఒక మాట తప్పకుండా చెబుతున్నారు: "లక్ష డిడక్టిబుల్ పెట్టుకోండి సార్, ప్రీమియం బాగా దిగుతుంది." మాట నిజమే, ప్రీమియం దిగుతుంది. విజయవాడలో టాక్స్ లెక్కలు చూసే పని నాది. మార్చి వచ్చిందంటే బీమా రసీదులు పట్టుకుని వచ్చేవాళ్లలో ఇలా డిడక్టిబుల్ పెట్టుకున్నవాళ్లు ఏటా పెరుగుతున్నారు. ప్రీమియం ఎంత తగ్గిందో అందరూ టక్కున చెబుతారు. ఆసుపత్రిలో చేరితే ఆ లక్ష ఎక్కణ్నుంచి తెస్తారని అడిగితే మాత్రం చాలామంది ఆగి ఆలోచిస్తారు. పాలసీ కొనకముందే వేసుకోవాల్సిన ప్రశ్న అది.

డిడక్టిబుల్ అంటే ఆసుపత్రి ఖర్చులో మొదటి భాగం మనదే అని ఒప్పుకోవడం. లక్ష డిడక్టిబుల్ ఉంటే, ఏడాదిలో లక్ష దాకా అయ్యే ఖర్చు మనం పెట్టుకుంటాం. దాటినది కంపెనీ ఇస్తుంది, పాలసీ మొత్తం ఎంత ఉంటే అంతవరకు. కో-పే వేరు. కో-పే పది శాతం అంటే బిల్లు ఎంతయినా అందులో పదో వంతు మనది, బిల్లు పెరిగేకొద్దీ మన వాటా కూడా పెరుగుతుంది. డిడక్టిబుల్ ఒక అంకె దగ్గర ఆగిపోతుంది. బిల్లు పది లక్షలైనప్పుడు ఈ తేడా చాలా పెద్దది. రెండూ ఉన్న పాలసీలు కూడా అమ్ముతున్నారు. వాటి జోలికి వెళ్లొద్దనే నా సలహా.

డిడక్టిబుల్ పాలసీల్లో రెండు రకాలున్నాయి, పేర్లు దగ్గర దగ్గరగా ఉండటంతో జనం పొరబడతారు. టాప్‌అప్ పాలసీలో డిడక్టిబుల్ ప్రతి అడ్మిషన్‌కూ విడివిడిగా పడుతుంది. సూపర్ టాప్‌అప్‌లో ఏడాది మొత్తం ఖర్చు కలిపి ఒక్కసారే పడుతుంది. సెప్టెంబరులో ఇంట్లో ఒకరికి డెంగీ వచ్చి 45 వేలు అయిందనుకోండి. జనవరిలో ఇంకొకరికి పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్, 1,20,000. డిడక్టిబుల్ లక్ష. టాప్‌అప్ అయితే డెంగీకి ఏమీ రాదు, ఆపరేషన్‌కు 20 వేలు వస్తుంది. సూపర్ టాప్‌అప్ ఫ్లోటర్ (ఇంట్లోవాళ్లందరికీ కలిపి ఒకే పాలసీ) అయితే రెండూ కలిపి 1,65,000 గనుక 65 వేలు వస్తుంది. మామూలు టాప్‌అప్ కొంచెం చవక. ఆ కొంచెం కోసం దాన్ని తీసుకోవడానికి నాకు ఒక్క కారణం కూడా కనబడదు. కొనే కాగితం మీద "ఏడాది మొత్తానికి" అనే అర్థం వచ్చే మాట ఉందో లేదో చూసుకోండి.

లాభం ఎంతో లెక్క వేస్తే

ఉదాహరణకు ఒక లెక్క అనుకుందాం. భార్యాభర్తలు నలభైల్లో ఉన్నారు, ఇద్దరు పిల్లలు, పది లక్షల ఫ్లోటర్. డిడక్టిబుల్ లేకుండా ప్రీమియం 26 వేలు, 50 వేల డిడక్టిబుల్‌తో 19 వేలు, లక్ష డిడక్టిబుల్‌తో 15 వేలు. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసినవి. మీకు వచ్చే కొటేషన్లు వీటి చోట పెట్టుకోండి.

లక్ష డిడక్టిబుల్ పెడితే ఏడాదికి 11 వేలు మిగులుతుంది. లక్షను పదకొండు వేలతో భాగిస్తే తొమ్మిదేళ్లు. అంటే లక్ష దాటే ఆసుపత్రి ఖర్చు తొమ్మిదేళ్లకు ఒకసారి కంటే తక్కువగా వచ్చే ఇల్లయితే డిడక్టిబుల్ లాభం, అంతకంటే ఎక్కువసార్లు వచ్చే ఇల్లయితే నష్టం. నలభై ఏళ్ల దంపతులు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు అయితే ఈ లెక్క చాలావరకు లాభం వైపే నిలబడుతుంది. అదే పాలసీలో అరవై దాటిన అమ్మానాన్నలను కూడా కలిపితే నిలబడదు.

ఇదే లెక్కలో ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. సున్నా నుంచి 50 వేలకు వెళ్తే 7 వేలు మిగిలింది. 50 వేల నుంచి లక్షకు వెళ్తే మిగిలింది ఇంకో 4 వేలే. నెత్తిన వేసుకున్న బరువు రెండుసార్లూ 50 వేలే, రెండోసారి వచ్చిన ప్రతిఫలం తక్కువ. మీ కొటేషన్లను ఇలా మెట్టు మెట్టుగా పక్కపక్కన రాసుకుని చూడండి. ఎక్కడ ఆగాలో అక్కడే తెలిసిపోతుంది.

డిడక్టిబుల్ రూపాయల్లో రాసి ఉండటం వల్ల దీర్ఘకాలంలో ఒక మేలుంది. ఆసుపత్రి ఖర్చులు ఏటా పెరుగుతాయి, ఈ లక్ష మాత్రం లక్షగానే ఉంటుంది. ఈరోజు పెద్ద మొత్తంగా కనిపించే లక్ష, పదిహేనేళ్ల తర్వాత అంత బరువనిపించదు. చిన్న క్లెయిమ్‌లు మనమే భరిస్తాం గనుక నో-క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏడాదికి కంపెనీ ఇచ్చే ప్రోత్సాహకం) కూడా చెదరకుండా ఉంటుంది.

పన్ను సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆరోగ్య బీమా ప్రీమియానికి ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు (80డి అని అందరూ పిలిచేది) పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే: అరవై లోపు 25 వేలు, సీనియర్లకు 50 వేలు. కొత్త విధానంలోకి మారినవాళ్లకు అది లేదు. "ప్రీమియం ఎక్కువ కడితే టాక్స్ మిగులుతుంది" అనే మాట విని నిర్ణయం తీసుకోకండి. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. పాత కొటేషన్లతో పోల్చేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఆస్తి వేరు, చేతిలో డబ్బు వేరు

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒక కుటుంబం ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో లక్షల సరుకు ఉంటుంది, ధర కోసం ఆగి ఉంటారు. "మాకు లక్ష ఒక లెక్కా" అని పెద్ద డిడక్టిబుల్ పెట్టుకుంటారు. ఇంటి పెద్దకు ఛాతీలో నొప్పి వచ్చి కొత్తపేటలో ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ కౌంటర్లో అడిగేది నగదు. సరుకు బాండ్లు అక్కడ చెల్లవు. అప్పుడు మొదలవుతుంది చేబదులు వేట. లేదంటే దిగిన ధరకే నాలుగు లాట్లు అమ్మేస్తారు, లేదా ఇంట్లోవాళ్ల గాజులు తాకట్టుకు వెళ్తాయి. ఏటా 11 వేలు మిగిల్చుకున్నది, తాకట్టు వడ్డీలోనూ సరుకు ధరలోనూ ఎంత పోయిందో ఎవరూ కలిపి చూసుకోరు.

ఆటోనగర్‌లో వర్క్‌షాపు ఉన్నవాళ్లకు, వస్త్రలతలో బట్టల కొట్టు ఉన్నవాళ్లకు ఇదే పరిస్థితి. డబ్బు సరుకులోనో, రావాల్సిన బాకీల్లోనో ఉంటుంది. పాడుకోని చీటీ చేతిలో డబ్బు కాదు. బంగారం కూడా సగమే చేతిలో డబ్బు. డిడక్టిబుల్ ఎంత పెట్టాలో చెప్పే కొలత నా దృష్టిలో ఒక్కటే: అప్పు చేయకుండా, ఏదీ అమ్మకుండా, ఎవరినీ అడగకుండా ఒక్క రోజులో బ్యాంకు ఖాతాలోంచి తీయగలిగే మొత్తం. అది 40 వేలైతే మీ డిడక్టిబుల్ 25 వేల దగ్గర ఆగాలి. అలాంటి పాలసీ దొరక్కపోతే డిడక్టిబుల్ లేనిదే తీసుకోండి.

ఆ డబ్బును వేరుగా ఉంచడం కూడా ముఖ్యమే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఏం జరిగిందో మనం చూశాం. ఇంట్లో సామాను పోయింది, బండి నీళ్లలో మునిగింది, కొట్లో సరుకు తడిసింది, ఆ వెనకాలే జ్వరాలు వచ్చాయి. కష్టాలు ఒక్కోసారి అన్నీ కలిసే వస్తాయి. ఆసుపత్రి కోసం పెట్టుకున్న లక్ష మిగతా అవసరాలకు కూడా అదే లక్ష అయితే, అది లేనట్టే. అవసరమైనప్పుడు వెంటనే తీసుకునే వీలున్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేరే ఖాతాలో పెట్టుకోండి, ప్రీమియంలో మిగిలిన డబ్బును ఏటా అందులోనే కలపండి. ఈ క్రమశిక్షణ ఉన్నవాళ్లకు డిడక్టిబుల్ నిజంగా మంచిదే. మిగిలిన 11 వేలు పండక్కి ఖర్చయిపోయే ఇంట్లో దాని లాభం కాగితం మీదే ఉంటుంది.

కాగితంలో దాక్కునే నష్టాలు

లక్ష డిడక్టిబుల్ అంటే జేబులోంచి లక్షే పోతుందని కాదు. కంపెనీ తన నిబంధనల ప్రకారం ఒప్పుకున్న ఖర్చునే లెక్కలోకి తీసుకుంటుంది. బిల్లు 1,20,000 అయితే అందులో గ్లౌజులు, మాస్కులు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి 12 వేలు తీసేస్తే లెక్కకు వచ్చేది 1,08,000. కంపెనీ ఇచ్చేది 8 వేలు, మీకు పడింది 1,12,000. రూమ్ రెంట్ పరిమితి ఉన్న పాలసీ అయితే ఇంకా తగ్గుతుంది. పరిమితి రోజుకు 5 వేలుండి మీరు 8 వేల గది తీసుకుంటే, గదితో ముడిపడిన డాక్టర్ ఫీజులూ ఆపరేషన్ ఛార్జీలూ కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. డిడక్టిబుల్, రూమ్ పరిమితి రెండూ ఉన్న పాలసీ వద్దే వద్దు.

రెండోది పాలసీ ఏడాది. డిడక్టిబుల్ పాలసీ ఏడాదికి ఒకసారి పడుతుంది, జబ్బుకు ఒకసారి కాదు. మీ పాలసీ జూన్‌లో రెన్యువల్ అవుతుందనుకోండి. ఏప్రిల్‌లో కీమో మొదలై ఆగస్టు దాకా సాగితే, జూన్‌కు ముందు ఒక లక్ష, తర్వాత ఇంకో లక్ష మీరే పెట్టుకోవాలి. డయాలసిస్ అయితే ఏటా పడుతుంది, తప్పించుకునే దారి లేదు. ఏళ్ల తరబడి నడిచే జబ్బుల విషయంలో లక్ష డిడక్టిబుల్ అంటే ఏడాదికి లక్ష ప్రీమియం అదనంగా కట్టడమే అవుతుంది. ఇంట్లో కిడ్నీ జబ్బు, గుండె జబ్బు చరిత్ర ఉంటే ఈ ఒక్క కారణం చాలు, తక్కువ డిడక్టిబుల్‌కు దిగడానికి.

మూడోది కాగితాలు. మొదటి 45 వేలు డెంగీకి మీరు కట్టారని నిరూపించాల్సింది మీరే. డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లు, రసీదులు, ల్యాబ్ రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ కావాలి. "ఎలాగూ క్లెయిమ్ రాదుగా" అని జ్వరం తగ్గగానే పారేస్తారు. నాలుగు నెలల తర్వాత ఆపరేషన్ పడినప్పుడు ఆ 45 వేలు లెక్కలోకి రాదు. చిన్న అడ్మిషన్ అయినా కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, కాగితాలు స్కాన్ చేసి ఉంచుకోండి.

ఇక మనిషి మనసు చేసే నష్టం. 1970ల్లో అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ ఒక పెద్ద ప్రయోగం చేసింది. కుటుంబాలను వేరువేరు బీమా పథకాల్లో పెట్టి, వైద్యానికి సొంత డబ్బు పెట్టాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తారో చూశారు. సొంత డబ్బు పడినవాళ్లు వైద్యం తగ్గించుకున్నారు. అనవసరమైన వైద్యాన్నీ అవసరమైన వైద్యాన్నీ ఒకేలా తగ్గించుకున్నారు. చాలామంది ఆరోగ్యానికి పెద్ద తేడా రాలేదు, కానీ పేదవాళ్లలో బీపీ ఉన్నవాళ్లకు ఉచిత వైద్యం దొరికినప్పుడే బీపీ బాగా అదుపులో ఉంది. మన దగ్గర ఓపీ ఖర్చు ఎలాగూ జేబులోంచే పోతుంది, అందుకని డాక్టర్ దగ్గరికి వెళ్లడం దీనివల్ల మానరు. మానేది అడ్మిషన్. "యాంజియోగ్రామ్ చేయించుకోండి" అని సూర్యారావుపేటలో డాక్టర్ చెబితే, "మొదటి లక్ష మనదేగా, పంట డబ్బు వచ్చాక చూద్దాం" అని వాయిదా వేస్తారు. మీ నాన్నగారు అలా వాయిదా వేసే మనిషి అయితే ఆయనకు డిడక్టిబుల్ పెట్టకండి. ఎంత ప్రీమియం మిగిలినా పెట్టకండి.

అమెరికాలో పిల్లలు చెప్పే సలహా

విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఈ మాట చాలాసార్లు వింటాను: "మా అబ్బాయి డాలస్‌లో హై డిడక్టిబుల్ ప్లానే తీసుకున్నాడు, మమ్మల్నీ అదే తీసుకోమంటున్నాడు." అక్కడి ప్లాన్ వేరు. 2026 లెక్క ప్రకారం అక్కడ ఒక వ్యక్తికి కనీస డిడక్టిబుల్ 1,700 డాలర్లు, కుటుంబానికి 3,400. ఏడాదిలో నెట్‌వర్క్‌లో సొంతంగా పెట్టాల్సిన మొత్తానికి చట్టంలోనే గరిష్ఠ పరిమితి ఉంది: 8,500, కుటుంబానికి 17,000 డాలర్లు. దానితోపాటు హెల్త్ సేవింగ్స్ ఖాతా వస్తుంది. అందులో వేసిన డబ్బుకు పన్ను లేదు, వైద్యానికి వాడితే తీసేటప్పుడూ లేదు, ఖర్చు కాకపోతే మరుసటి ఏడాదికి మిగులుతుంది. ఉద్యోగమిచ్చే కంపెనీలు చాలావరకు తమ వంతుగా కొంత వేస్తాయి కూడా. నివారణ పరీక్షలు డిడక్టిబుల్‌తో సంబంధం లేకుండా ఉచితం.

మన దగ్గర ఆ ఖాతా లేదు. బీమా ఒప్పుకోని ఖర్చులకు గరిష్ఠ పరిమితి లేదు. అబ్బాయి సలహా అబ్బాయికి సరైనదే. అమ్మానాన్నలకు ఇవ్వాలంటే, ఆ డిడక్టిబుల్ అంత డబ్బు వాళ్ల ఖాతాలో వేసి ఉంచి అప్పుడు చెప్పాలి.

ఎవరు ఏది తీసుకోవాలి

కంపెనీ గ్రూప్ పాలసీ ఉన్న ఉద్యోగులకు డిడక్టిబుల్ అన్నింటికంటే బాగా సరిపోతుంది. ఆఫీసు 5 లక్షలు ఇస్తుంటే, 5 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్‌అప్ చాలా తక్కువకు వస్తుంది. మొదటి ఐదు లక్షలు గ్రూప్ పాలసీ కడుతుంది. ప్రమాదం ఒకటే: ఉద్యోగం పోయిన రోజున ఆ ఐదు లక్షలూ మీ నెత్తిన పడతాయి. అందుకే చిన్నదైనా సొంతంగా ఒక మూల పాలసీ ఉండటం మంచిది. ఆరోగ్య సంజీవని లాంటి ప్రామాణిక పాలసీ అన్ని కంపెనీల్లోనూ ఒకే నిబంధనలతో దొరుకుతుంది. డిడక్టిబుల్ లేదు, 5 శాతం కో-పే ఉంది. గది అద్దె పరిమితి మాత్రం 5 వేలకు మించదు, అది చూసుకునే తీసుకోండి. కో-పే ఉన్నా ఇది చిన్న మొత్తానికే గనుక, దానిపైన సూపర్ టాప్‌అప్ వేసుకుంటే మధ్యతరగతి ఇంటికి బాగానే సరిపోతుంది. రెండూ ఒకే కంపెనీలో తీసుకుంటే క్యాష్‌లెస్ తేలిక. వేరువేరు కంపెనీలైతే మొదటి కంపెనీ సెటిల్‌మెంట్ లెటర్ ఇచ్చేదాకా రెండోదాని కోసం ఆగాల్సి వస్తుంది.

ఎన్టీఆర్ వైద్య సేవ (రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం, ఒకప్పటి ఆరోగ్యశ్రీ) కింద వచ్చే కుటుంబాల లెక్క వేరు. ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉన్నవాళ్లకు వర్తించే ఈ పథకంలో పరిమితిని 2023 చివర్లో 25 లక్షలకు పెంచారు. పెద్ద ఆపరేషన్లకు కార్డు ఉంది. కార్డు అక్కరకు రాని చిన్నచిన్న అడ్మిషన్లకే వాళ్ల డబ్బు పోతుంది. డిడక్టిబుల్ పాలసీ కూడా సరిగ్గా ఆ చిన్న ఖర్చులనే వదిలేస్తుంది. కాబట్టి వాళ్లు బీమా కొంటే డిడక్టిబుల్ లేని చిన్న పాలసీయే కొనాలి. బకాయిల గొడవతో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలు 2024లోనూ 2025లోనూ చూశాం. అందుకే కార్డు ఉన్నా ఒక చిన్న పాలసీ ఉంచుకోమనే చెబుతాను.

డెబ్బై దాటినవాళ్లకు కేంద్రం 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయో వందన కార్డు ఇస్తోంది. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షలు. ప్రైవేటు బీమా ఉన్నా తీసుకోవచ్చు. మీరు వెళ్లే ఆసుపత్రి అందులో ఉందో లేదో ముందే కనుక్కోండి. అరవై నుంచి డెబ్బై మధ్య ఉండి, షుగర్, బీపీ ఉన్నవాళ్లకే నిజమైన ఇబ్బంది. డిడక్టిబుల్ లేకుండా ప్రీమియం భరించలేనంతగా వస్తుంది. అలాంటప్పుడు అసలు బీమా లేకపోవడం కంటే రెండు లక్షల డిడక్టిబుల్‌తో అయినా తీసుకోవడం మేలు. స్టెంట్లు, బైపాస్ లాంటివి వచ్చినప్పుడు ఇల్లు అమ్ముకోకుండా కాపాడేది అదే. ఆ రెండు లక్షలూ పిల్లలు ముందే పక్కన పెట్టాలి.

పాతికేళ్ల వయసులో కొనేవాళ్లు ఒక విషయం గమనించండి. డిడక్టిబుల్ తర్వాత పెంచుకోవడం తేలిక, తగ్గించుకోవడం కష్టం. తగ్గించమంటే కంపెనీ మళ్లీ మెడికల్ టెస్టులు అడగవచ్చు, కాదనవచ్చు. కొన్ని పాలసీల్లో నిర్ణీత ఏళ్ల తర్వాత టెస్టులు లేకుండా డిడక్టిబుల్ ఎత్తేసుకునే వీలుంది. ఆ షరతు ఉన్న పాలసీకి కొంచెం ఎక్కువ కట్టినా నష్టం లేదు. ఏ వయసు లోపు, ఎన్నేళ్లకు అన్నది పాలసీ పత్రంలోనే చూడాలి, ఏజెంట్ మాట చాలదు.

కొనేటప్పుడు షుగర్, బీపీ, పాత ఆపరేషన్లు ఏవీ దాచకండి. 2024 ఏప్రిల్ నుంచి ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన కాలం) మూడేళ్లు మించకూడదన్న నియమం వచ్చింది. మూడేళ్లు ఆగితే వచ్చే డబ్బును దాచిపెట్టి పోగొట్టుకోవడం ఎందుకు? క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రం ఆ ఆఫీసు కిందికే వస్తుంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

పాలసీ పత్రం చేతికి వచ్చాక 30 రోజులు గడువుంటుంది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం కూర్చుని డిడక్టిబుల్ ఎంత, ఏడాదికా అడ్మిషన్‌కా, కుటుంబం మొత్తానికి ఒకటేనా మనిషికొకటా, రూమ్ పరిమితి ఉందా అన్నవి చదవండి. మీకు చెప్పినట్టు లేకపోతే వెనక్కి ఇచ్చేయండి. మెడికల్ టెస్టుల ఖర్చు, స్టాంపు డ్యూటీ, గడిచిన రోజుల ప్రీమియం తీసుకుని మిగతాది తిరిగిస్తారు.